టన్నుల్లో అమ్మి, అడుగుల్లో కొంటున్నాం

పోయిన నెల మన సంఘ సభ్యుడొకరు ఇల్లు కడుతూ, పైగదికి నేల ఏం వేయించాలో చూద్దాం రమ్మని మమ్మల్ని జిల్లా కేంద్రంలోని ఒక షాపుకు తీసుకెళ్లారు. కొడుకు, కోడలు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు ఉండే గది. అక్కడ వాళ్ల అద్దె ఇంట్లో ఉన్నట్టు చెక్క నేల కావాలని పిల్లలు అడిగారట. షాపులో మూడు రకాల ముక్కలు చూపించారు. టేకులా కనిపించే లామినేట్ పలక చదరపు అడుగు వంద రూపాయలకు అటూ ఇటూ అన్నారు. వెదురు పలక అయితే 200 నుంచి 400 దాకా అన్నారు. అసలు చెక్క పలక అడిగితే ఇంకా పైమాటే. వెదురు పలక వెనక్కి తిప్పి చూస్తే చైనా సరుకని ఉంది. లామినేట్ పలక అంచు చూస్తే లోపల ఉన్నది గట్టిగా నొక్కిన కర్రపొట్టు.

ఆ సభ్యుడు నాలుగెకరాల సుబాబుల్ కొట్టించి అమ్మిన డబ్బుతోనే ఇల్లు కడుతున్నారు. పలకను చేతిలో పట్టుకుని, "ఇది మన కర్రే కదండీ" అన్నారు. షాపతను నవ్వి ఊరుకున్నాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాట వెంట పోయి ఆలోచిస్తే చాలా సంగతులు తేలాయి. ఇల్లు కట్టుకుంటున్న రైతు ఏ నేల వేయించుకోవాలన్నది ఒక సంగతి. ఆ నేలకు కర్ర పండించిన రైతుకు ఏం దక్కుతోందన్నది రెండో సంగతి. రెండూ కలిపే మాట్లాడుకుందాం.

లెక్క వేసి చూద్దాం

లామినేట్ పలక అంటే ఏమిటి? సుబాబుల్, జామాయిల్, సరుగుడు వంటి కర్రను ముక్కలు చేసి, ఉడికించి, పీచుగా చీల్చి, జిగురు కలిపి, వేడి మీద నొక్కి బోర్డు చేస్తారు. దాని మీద టేకు గీతలు అచ్చువేసిన కాగితం అంటించి, పైన గట్టి పూత వేస్తారు. అంటే మనం చూసి మురిసే టేకు ఒట్టి బొమ్మ. కింద పీచూ, పైన కాగితమూ రెండూ కర్ర నుంచి వచ్చినవే.

ఎనిమిది మిల్లీమీటర్ల మందం పలక చదరపు అడుగు సుమారు 650 గ్రాములు తూగుతుంది. పచ్చి కర్ర టన్ను కొడితే అందులో దాదాపు సగం నీరే. ఆరగా మిగిలే అరటన్నులో కొంత నష్టం పోయినా 600 నుంచి 700 చదరపు అడుగుల పలకకు సరిపోయే పీచు వస్తుంది. అడుగు వంద చొప్పున అది షాపులో 60 వేల నుంచి 70 వేల రూపాయల సరుకు. కర్రకు టన్ను 5 వేలు వచ్చిందని ఉదారంగానే అనుకుందాం. అంటే మనం కొనే ప్రతి వంద రూపాయల అడుగులో కర్ర పండించిన రైతు వాటా ఏడెనిమిది రూపాయలు. నరుకుడు కూలి, ఎత్తుడు కూలి, లారీ కిరాయి రైతు మీదే పడితే అదీ మిగలదు.

కర్మాగారానికి ఖర్చు లేదని మేము అనడం లేదు. జిగురు, కరెంటు, యంత్రాలు, కూలీలు, పన్ను, రవాణా, షాపు అద్దె అన్నీ ఉంటాయి. అవి తీసేసినా, నాలుగేళ్లు భూమిని కట్టేసుకుని, ఎండకూ తుఫానుకూ ఎదురొడ్డి కర్ర పెంచిన వాడికి పదోవంతు కూడా రాకపోవడం న్యాయమా అన్నదే మా ప్రశ్న.

ఉమ్మడి ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులకు ఇది కొత్త కథ కాదు. మార్కెట్ కమిటీల ద్వారా టన్ను సుబాబుల్‌కు 4,200, జామాయిల్‌కు 4,400 రూపాయల రేటు ప్రకటించిన రోజుల్లో కూడా అందులో సగం చేతికి రాని రైతులు ఉన్నారు. తోట కొట్టేశాక కర్ర ఎండిపోతుంది, ఎండేకొద్దీ తూకం తగ్గుతుంది. అందుకే కొట్టిన కర్రను చూపించి బేరమాడే రైతు ఎప్పుడూ ఓడిపోతాడు. ఈ సంగతి దళారికి మనకంటే బాగా తెలుసు. 2018లో శ్రీకాళహస్తి దగ్గర ఎండీఎఫ్ బోర్డు కర్మాగారం వచ్చింది. పేపరు మిల్లులు కాక ఇంకో కొనుగోలుదారు రావడం మంచిదే. అయితే కొనేవాళ్లు ఇద్దరైనా, ముగ్గురైనా, అమ్మేవాళ్లు విడివిడిగా నిలబడితే ధర నిర్ణయించేది కొనేవాళ్లే.

వెదురు కథ ఇంకా ఘోరం

కర్ర సంగతి ఇలా ఉంటే వెదురు సంగతి చూడండి. వెదురు గడ్డిజాతి అని బడిపిల్లలకు కూడా తెలుసు. 1927 నాటి భారత అటవీ చట్టం మాత్రం దాన్ని చెట్ల జాబితాలో పెట్టింది. మన గట్టు మీద మనం పెంచిన బొంగు నరికి బండిలో వేసుకుంటే ఆపి అడిగే అధికారం దానివల్లే వచ్చింది. తొంభై ఏళ్ల తర్వాత, 2017 నవంబరులో ఆర్డినెన్సు తెచ్చి చెట్టు నిర్వచనం నుంచి వెదురును తీసేశారు. అదీ అడవి బయట పెరిగిన వెదురుకే. అడవిలోని వెదురు మీద గిరిజనుల హక్కుకు ఆధారం 2006 అటవీ హక్కుల చట్టం. అందులో వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా స్పష్టంగా రాశారు. రాసినా అమలు చేయించుకోవడానికి పోరాడాల్సి వచ్చింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెంఢా లేఖా గ్రామసభ తన వెదురును తానే అమ్ముకునే రవాణా పర్మిట్ పుస్తకాన్ని 2011 ఏప్రిల్‌లో సాధించుకుంది. దానికోసం కేంద్ర మంత్రి స్వయంగా ఆ ఊరికి రావాల్సి వచ్చింది. చట్టం వచ్చిన ఐదేళ్లకు ఒక ఊరికి దక్కిన హక్కు అది.

ఇదే వెదురును మిల్లులకు ఎలా ఇచ్చారో కూడా గుర్తుచేసుకోవాలి. 1958లో కర్ణాటకలో ఒక పేపరు మిల్లుకు టన్ను వెదురు రూపాయిన్నరకు కట్టబెట్టిన సంగతిని పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ దేశం ముందు పెట్టారు. అదే బజారులో బుట్టలల్లే మేదరి ఎన్నో రెట్లు ఎక్కువ ధర పెట్టి బొంగు కొనుక్కున్నాడు. మన దగ్గరా మేదరి కుటుంబాలు బొంగు దొరక్క, దొరికినా కొనలేక, చాటలూ గంపలూ వదిలేసి కూలికి పోవడం మనం కళ్లారా చూశాం. గాదె, తడక, నిచ్చెన, ధాన్యం బుట్ట అన్నీ ప్లాస్టిక్కో ఇనుమో అయ్యాయి. ఇప్పుడు అదే వెదురు చదును పలకగా మారి, రంగు అట్టపెట్టెలో సముద్రం దాటి వచ్చి, అడుగు 300 రూపాయలకు మన ముందు కూర్చుంది.

మన దేశంలో వెదురు లేకనా? కాదు. బొంగుకూ పలకకూ మధ్య జరగాల్సిన పని మన ఊళ్లలో లేక. గుండ్రటి బొంగును బద్దలుగా చీల్చాలి, కణుపులు చెక్కాలి, పుప్పి పురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ ఆమ్లం నీళ్లలో ఉంచాలి, సమంగా ఆరబెట్టాలి, ఆ తర్వాతే జిగురు వేసి నొక్కాలి. బద్దలు తీసేటప్పుడు సరుకులో ఎక్కువ భాగం తుక్కుగా పోతుంది. చైనాలో జెజియాంగ్ రాష్ట్రంలోని అంజి వంటి చోట్ల ఆ తుక్కునూ వదలరు. కొసలు చీపుళ్లకు, లేత మొలకలు కూరకు, మధ్య భాగం పలకలకు, పొట్టు బొగ్గుకు పోతాయి. బొంగులో ప్రతి ముక్కకూ ఏదో ఒక ధర ఉంది కాబట్టే వాళ్ల పలక ఇంత దూరం వచ్చినా అమ్ముడవుతోంది.

మన దేశంలో చేతకాని పనేమీ కాదు ఇది. 2023 మేలో ప్రారంభించిన కొత్త పార్లమెంటు భవనంలో వేసిన వెదురు నేల త్రిపుర నుంచి వచ్చింది. బెంగళూరు విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో తల ఎత్తి చూస్తే పైకప్పంతా వెదురే. ఎంపీలు నడిచే నేలకు పనికొచ్చిన వెదురు మన ఊరి బడికి, అంగన్‌వాడీకి, రైతు సేవా కేంద్రానికి ఎందుకు పనికిరాదు?

పన్నులు తగ్గిస్తున్నామని ప్రభుత్వం చెప్పుకుంటోంది. వెదురు ఫ్లోరింగు మీద జీఎస్టీని 2018లో 18 శాతం నుంచి 12 శాతానికి, 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గించిన మాట నిజం. కొనేవాడికి మంచిదే. కానీ జీఎస్టీ దిగుమతి సరుకుకూ అంతే తగ్గుతుంది, ఇక్కడి సరుకుకూ అంతే తగ్గుతుంది. అగరుబత్తి పుల్లల విషయంలో చైనా, వియత్నాం సరుకు ముంచెత్తినప్పుడు 2020 జూన్‌లో వెదురు పుల్లల మీద దిగుమతి సుంకాన్ని 10 నుంచి 25 శాతానికి పెంచారు. తలచుకుంటే చేయగలరన్నమాట. అయితే సుంకం ఒక్కటే చాలదు. ఇక్కడ చీల్చే యంత్రం, నానబెట్టే తొట్టి, ఆరబెట్టే గది లేకపోతే సుంకం భారం కొనేవాడి మీద పడుతుంది, లాభం రైతుకు రాదు.

ఇల్లు కట్టుకునే వాళ్లకు మా మాట

ఇక మన సభ్యుడు అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. ఏ నేల వేయించుకోవాలి? మేము చెప్పిన మాటలివి.

కింది అంతస్తుకు చెక్క నేల వద్దు. మన నేలల్లో చెమ్మ పైకెక్కుతుంది, చెదలు దాని వెంటే వస్తాయి. పైగా మన ఇళ్లలో పండగకీ పబ్బానికీ బిందెలతో నీళ్లు పోసి కడుగుతాం. లామినేట్ పలక అంచులోకి నీళ్లు దిగితే పొట్టు ఉబ్బి అప్పడంలా లేస్తుంది. మళ్లీ కిందకు దిగదు. కింద గదులకు బేతంచర్ల బండలో, తాండూరు బండలో, కడప నల్లబండలో వేసుకుంటే తక్కువలో అయిపోతుంది, ఎండాకాలం కాలికి చల్లగా ఉంటుంది, మనవళ్ల కాలం దాకా ఉంటుంది. ఆ బండ కొట్టేదీ మన కూలీలే.

పైగదికి చెక్క నేల మీద మనసుంటే ముందు లెక్క చూసుకోండి. పది అడుగులు, పన్నెండు అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. లామినేట్ అయితే పలకలకే సుమారు 12 వేలు, వెదురు అయితే 24 వేల పైన. కింద పరిచే ఫోము, గోడ అంచు పట్టీలు, వేసే కూలి అదనం. షాపువాళ్లు చెప్పే అడుగు ధరలో ఇవి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి.

లామినేట్ కొంటే ఏసీ3 గానీ, ఏసీ4 గానీ అని రాసి ఉన్నది తీసుకోండి. అది పై పూత అరుగుదలను తట్టుకునే గుర్తు. ఈ1 అన్న గుర్తు కూడా చూడండి. జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువు పరిమితిలో ఉందని దాని అర్థం. పెట్టె విప్పగానే కళ్లు మండే వాసన వస్తే ఆ సరుకు పిల్లలు పడుకునే గదికి వద్దు. కొత్తగా పోసిన గచ్చు పూర్తిగా ఆరకుండా పలకలు పరవకండి. గచ్చు మీద పాలిథిన్ షీటు వేయించండి. గోడల దగ్గర సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ వదిలించండి. వానాకాలం పలక ఉబ్బడానికి చోటు లేకపోతే నడుమ లేస్తుంది.

వెదురులో రెండు రకాలు ఉన్నాయి. బద్దలు అతికించి చేసినది ఒకటి, వెదురును పీచుగా నలిపి జిగురుతో బలంగా నొక్కి చేసినది మరొకటి. రెండోది చాలా గట్టిది, మంచం కోళ్ల గీతలు తొందరగా పడవు, ధరా ఎక్కువే. ఏ రకమైనా పురుగు పట్టకుండా శుద్ధి చేశారో లేదో అడగండి. మూడు నాలుగేళ్ల ముదురు బొంగుతో చేసినదే నిలుస్తుంది. లేత బొంగులో పిండి ఎక్కువ, పుప్పి దాన్నే వెతుక్కుంటూ వస్తుంది. వానలు వెళ్లాక ముదురు బొంగే నరకాలని మన పెద్దవాళ్లు చెప్పింది ఇందుకే.

గట్టు మీద సొంత టేకు ఉన్నవాళ్లు దాన్ని కోయించుకోవచ్చు. నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. తెల్లచేవ వదిలేసి ఎర్రచేవే వాడండి. కోసిన పలకలు నీడలో, మధ్య పుల్లలు పెట్టి గాలి ఆడేలా నెలల తరబడి ఆరనివ్వండి. తొందరపడితే వంకర పోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది, నేల కోసం అప్పు చేయకండి. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో వేసిన చెక్క నేల మీద నిద్ర పట్టదు. మన సభ్యుడు చివరికి కింద బండలు వేయించి, పైగదికి మాత్రం లామినేట్ తీసుకున్నారు. ఆయన నిర్ణయం సరైనదేనని మా అభిప్రాయం.

నాటే ముందు ఒక్క మాట

వెదురుకు గిరాకీ ఉందని విని తొందరపడి నాటవద్దని కూడా చెప్పాలి. ఎకరాకు లక్షలు వస్తాయని, టిష్యూకల్చర్ మొక్క కొంటే చాలు తామే కొంటామని చెప్పేవాళ్లు ఊళ్లమీద తిరుగుతున్నారు. కొనుగోలు ఒప్పందం కాగితం మీద ఉందా, ధర రాశారా, తీసుకోకపోతే పరిహారం రాశారా చూడండి. మొదటి కోతకు నాలుగైదేళ్లు పడుతుంది. అంతకాలం ఇంట్లోకి వేరే ఆదాయం ఉండాలి. పంట భూమంతా వెదురు పెట్టడం కంటే గట్లు, వాగు ఒడ్లు, చవిటి చెక్కలు చూసుకోవడం మేలు. దశాబ్దాలకోసారి వెదురు పూత పూసి, గింజ రాల్చి, పొద పొదంతా చచ్చిపోతుందన్న సంగతీ మరవకూడదు.

ఇక్కడ కౌలు రైతు సంగతి వస్తుంది. ఏటికేడు నోటిమాట కౌలు మీద బతికేవాడు ఐదేళ్ల పంట ఎలా వేస్తాడు? కర్ర తోటలు పెరిగినచోట కౌలు భూమి తగ్గింది, కూలి పనిదినాలు తగ్గాయి. నాట్లు, కలుపు, కోత అన్నీ ఉన్న భూమిలో నాలుగేళ్లకోసారి గొడ్డలి మాత్రమే దిగుతోంది. తోట వేసిన రైతును తప్పుపట్టలేం. పొగాకు, మిర్చి, కంది అన్నిట్లో దెబ్బతిన్నాకే చాలామంది సుబాబుల్ పెట్టారు. కానీ ఊళ్లోనే చీల్చే పని, ఆరబెట్టే పని, అల్లే పని ఉంటే పోయిన పనిదినాల్లో కొన్నయినా తిరిగి వస్తాయి. అందుకే ఇది తోట రైతు సమస్య ఒక్కటే కాదు. కూలీ, కౌలు రైతు, మేదరి ముగ్గురి సమస్య.

మనం అడగాల్సినవి

ఒకటి. సుబాబుల్, జామాయిల్, సరుగుడుకు ఖర్చుల లెక్క మీద మద్దతు ధర ప్రకటించాలి. ప్రకటించిన ధరకంటే తక్కువకు కొన్న మిల్లు మీద చర్య ఉండాలి. తూకం మార్కెట్ కమిటీ కాటా మీదే జరగాలి. తూకమైన వారంలో డబ్బు రైతు ఖాతాలో పడాలి.

రెండు. వెదురు మిషన్ డబ్బు మొక్కలు పంచడంతో ఆగకూడదు. చీల్చే యంత్రాలు, శుద్ధి తొట్లు, ఆరబెట్టే గదులు మండలానికి ఒకటి చొప్పున రైతు సహకార సంఘాలకు, మేదరి సంఘాలకు, గిరిజన గ్రామసభలకు ఇవ్వాలి.

మూడు. ప్రభుత్వం కట్టే బడులు, అంగన్‌వాడీలు, కార్యాలయాల్లో అనువైన చోట మన రాష్ట్రాల వెదురు సామాను కొనాలి. మొదటి కొనుగోలుదారు ప్రభుత్వమే అయితే రెండో కొనుగోలుదారు తనంతట తానే వస్తాడు.

నాలుగు. మేదరులకు మిల్లు ధరకు మించని ధరకే వెదురు అందాలి. అడవి వెదురు మీద గ్రామసభల హక్కును ఏజెన్సీ అంతటా అమలు చేయాలి.

ఐదు. దీర్ఘకాల పంటలు వేసే కౌలు రైతుకు రాతపూర్వక ఒప్పందం, రుణం, పరిహారం అందేలా చూడాలి.

ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మనం చేయాల్సింది ఒకటుంది. మిల్లులు ఒక్కటిగా ఉన్నాయి, మనం లేము. ఏ ఊళ్లో ఎంత తోట కోతకు వచ్చింది, ఎవరికి ఎంత ధర వచ్చింది, తూకంలో ఎంత కోశారు అన్న లెక్క మన దగ్గర లేదు, దళారి దగ్గర ఉంది. వచ్చే నెల మండల సమావేశాలకు కర్ర అమ్మిన సభ్యులందరూ తూకం చీటీలు, డబ్బు ముట్టిన తేదీలు పట్టుకు రండి. ఊరివారీగా రాసుకుందాం. మార్కెట్ కమిటీ ముందుకు ఆ లెక్కతోనే పోదాం. చీటీ ఇవ్వకుండా కర్ర ఎత్తుకుపోయిన సందర్భాలుంటే అవీ చెప్పండి, వాటినే ముందు అడుగుదాం.